లంకెబిందెలూ దస్తావేజులూ: ఎస్టేట్ల గుప్తనిధి గాథలు

గుప్తనిధి గాథ అంటే, ఏదో పాత గడీలోనో, దేవిడీలోనో, కోట బురుజు కిందో పూర్వపు యజమానులు ధనం దాచి, ఆ చోటు ఎవరికీ చెప్పకుండా కన్నుమూశారని తరాలుగా సాగే కథ. తెలుగునాట దీని సరంజామా అందరికీ తెలిసిందే: గొలుసుతో ముడిపడిన లంకెబిందెలు, వాటిని చుట్టుకున్న పాము, కోట నుంచి ఊరిచివరి గుట్టదాకా పోయే సొరంగం, కాటుక పట్టించి నేల లోపలిది చూపిస్తామనే అంజనంవాళ్లు, అమావాస్య అర్ధరాత్రి గునపాల చప్పుడు. ఊరు మారితే రాజు పేరు మారుతుంది, పాముకు బదులు భూతం కాపలా ఉంటుంది. కథ కట్టుబడి మాత్రం మారదు. ఒక గొప్ప ఇల్లు ఉండేది, దాని సంపదను ఊరంతా చూసింది, ఇల్లు పడిపోయింది, సంపద ఎటు పోయిందో ఎవరికీ తెలియలేదు. తెలియని ఆ ఖాళీలోనే బిందెలు మొలుస్తాయి.

ఈ గాథలను తూచి చూడటానికి హైదరాబాదు పడమటి అంచు, అందులోనూ మదీనాగూడ పరిసరాలు, అనువైన చోటు. శేరిలింగంపల్లి మండలంలో, మియాపూర్‌కూ చందానగర్‌కూ మధ్య, ముంబయి రహదారిని ఆనుకుని ఉన్న ఊరిది. ఒకప్పటి పల్లె, ఇవాళ ఐటీ ఉద్యోగులుండే అపార్ట్‌మెంట్ల వరస. 1998లో సైబర్ టవర్స్ మొదలైనప్పటి నుంచి ఈ వైపు సెల్లార్ల కోసం, పైపుల కోసం, మెట్రో స్తంభాల కోసం తవ్వినంత లోతుగా లంకెబిందెల కోసం ఎవరూ తవ్వి ఉండరు. అయినా ఇక్కడి పాత ఎస్టేట్ల సంపద గురించిన అసలు తగాదాలన్నీ నేలలోంచి కాక కోర్టు కట్టల్లోంచి బయటికి వచ్చాయి. ఈ వ్యాసం వాదన అక్కడే మొదలవుతుంది. ఎస్టేటు నిధి కథకు మూలం బంగారం ఎక్కువగా ఉండటం కాదు, హక్కు తేలకపోవడం. ఆ సంపద ఏమైందని కథ అడిగే ప్రశ్న న్యాయమైనదే. జవాబు కోసం గునపం పట్టడమే పొరపాటు.

నిధి కూడా ఒక హక్కే

నిధిని మాయాజాలంగా కాక ఆస్తి హక్కుగా చూడటం మనకు కొత్త కాదు. పాత తెలుగు దానశాసనాల్లోనూ, నిన్నమొన్నటి దాకా రాసిన క్రయదస్తావేజుల్లోనూ అష్టభోగాలనే మాట కనిపిస్తుంది: నిధి, నిక్షేపం, జలం, పాషాణం, అక్షిణి, ఆగామి, సిద్ధం, సాధ్యం. నేల అమ్మినవాడు ఆ నేలలో ఉన్న నీటినీ రాతినీ, ఇప్పటి ఫలాన్నీ రాబోయే ఫలాన్నీ, వాటితోపాటు లోపల దాగిన ధనాన్నీ కొన్నవాడికి ధారపోస్తున్నాడని దాని అర్థం. దస్తావేజు రాసే లేఖరి ఈ వరసను కళ్లు మూసుకుని అప్పజెప్పేవాడు. ఆ వరసలో నిధి మొదటి స్థానంలో ఉందన్నది గమనించాల్సిన సంగతి. భూమి చేతులు మారినప్పుడు దాని కడుపులో ఉన్నది ఎవరిదన్న సందేహం మన పూర్వీకులకు ముందే తట్టింది. దానికి వాళ్లు వెతుక్కున్న మందు అంజనం కాదు, ఒక వాక్యం.

రాజ్యాలు కూడా ఇదే దారిన ఆలోచించాయి. కౌటిల్యుడి అర్థశాస్త్రం నిధి చూపినవాడికి ఆరోవంతు ఇమ్మంది, వాడు రాజోద్యోగి అయితే పన్నెండోవంతు చాలంది, లక్ష దాటిన నిధి రాజుదేనంది. బ్రిటిష్ కాలంలో వచ్చిన 1878 నాటి భారత నిధి చట్టం దీన్ని మరింత బిగించింది. భూమిలో దాగి, 10 రూపాయల విలువ మించిన ఏ వస్తువు దొరికినా కలెక్టరుకు తెలియజేయాలి. కలెక్టరు బహిరంగ ప్రకటన ఇచ్చి, హక్కుదారులు ఎవరైనా ఉంటే రమ్మని నాలుగు నెలలకు తగ్గని, ఆరు నెలలకు మించని గడువు పెట్టాలి. ఎవరిదీ కాదని తేలితే, వేరే ఒప్పందమేదీ లేనప్పుడు, దొరికించుకున్నవాడికి నాలుగింట మూడు వంతులు, స్థలం యజమానికి ఒక వంతు. ప్రభుత్వం ఉంచుకోదలిస్తే లోహం విలువకు అయిదోవంతు కలిపి చెల్లించాలి. దాచిపెట్టినవాడికి ఏడాది దాకా జైలు. ఈ చట్టంలో అన్నిటికన్నా ఆసక్తికరమైనది నూరేళ్ల గీత. నిధి పాతిపెట్టి నూరేళ్లు దాటలేదని, తమ పెద్దలే పాతిపెట్టారని ఎవరైనా ముందుకొస్తే, వ్యవహారం సివిల్ కోర్టుకు వెళ్తుంది. అంటే పాత ఎస్టేటులో బిందె నిజంగా దొరికినా కథ అక్కడితో ముగియదు. అది మరునాడే వారసత్వ దావాగా మారుతుంది.

మదీనాగూడ చుట్టూ ఉన్న ఎస్టేట్లు

నిజాం రాజ్యంలో భూమంతా ఒకే రకం కాదు. దాదాపు పదింట ఆరు వంతులు దివానీ, అంటే సర్కారు నేరుగా శిస్తు వసూలు చేసుకునే నేల. మిగిలినది నిజాం సొంత ఖర్చులకు కేటాయించిన సర్ఫెఖాస్, జాగీర్లు, మక్తాలు, సంస్థానాలు, పైగాలు. ఇందులో పైగాలది పైమెట్టు. 18వ శతాబ్దంలో తేగ్ జంగ్ బిరుదు పొందిన అబుల్ ఫతే ఖాన్‌తో మొదలైన ఈ వంశం, నిజాంకు సైన్యాన్ని పోషించే బాధ్యతకు ప్రతిఫలంగా విస్తారమైన జాగీర్లను పొందింది. నిజాం కుటుంబంతో వియ్యమందుకుంది. తర్వాత ఆస్మాన్‌జాహీ, ఖుర్షీద్‌జాహీ, వికారుల్ ఉమ్రా శాఖలుగా మూడుగా చీలింది. ఫలక్‌నుమా కట్టించింది ఈ మూడో శాఖవారే. నగరానికి పడమటనున్న హఫీజ్‌పేట, హైదర్‌నగర్ వంటి ఊళ్ల భూముల చరిత్ర ఖుర్షీద్‌జాహీ పైగాతో ముడిపడి ఉంది. మదీనాగూడ నుంచి చూస్తే హఫీజ్‌పేట పక్కూరే.

1948 సెప్టెంబరులో హైదరాబాదు రాజ్యం మీద భారత ప్రభుత్వ పోలీసు చర్య జరిగింది. 1949లో జాగీర్ల రద్దు రెగ్యులేషన్ వచ్చింది, సర్ఫెఖాస్ దివానీలో కలిసింది. తరాలుగా ఊళ్లను ఏలిన కుటుంబాలు ఏడాది తిరక్కుండా నష్టపరిహారం కోసం ఎదురుచూసే కుటుంబాలయ్యాయి. రైతు వైపు నుంచి చూస్తే ఇదొక వింత. నిన్నటిదాకా ఏనుగు అంబారీలు, గుర్రపు బగ్గీలు, జరీ షేర్వానీలు. ఇవాళ ఖాళీ దేవిడీ, రాలుతున్న గచ్చు. అంత ఐశ్వర్యం ఎటు పోయినట్టు? శిస్తు కట్టినవాళ్లకూ వెట్టి చేసినవాళ్లకూ ఆ ప్రశ్న అడిగే హక్కు అందరికన్నా ఎక్కువ. జవాబు ఉన్న కాగితాలు మాత్రం వాళ్లకు అందేవి కావు. రాజ్యపు దఫ్తర్లు మొదట ఫార్సీలో, 19వ శతాబ్దం చివరి నుంచి ఉర్దూలో నడిచాయి. సేత్వార్, ముంతఖబ్, వసూల్ బాకీ వంటి పేర్లు తెలుగు రైతుకు మంత్రాల్లా వినిపించేవి. చదవలేని కాగితం కన్నా చెప్పుకోగల కథ బలమైనది. గడీ కింద బిందెలున్నాయన్నది ఆ పరిస్థితిలో ఊరు తనకు తాను చెప్పుకున్న జమాఖర్చు.

కాగితాల్లో ఉన్న కథ మరో దారిన నడిచింది. ఖుర్షీద్‌జాహీ వారసుల మధ్య మత్రూకా, అంటే చనిపోయినవారు విడిచిపోయిన ఆస్తి, పంపకం కోసం ఒక దావా పడింది. హైదరాబాదు భూ వ్యవహారాలు తెలిసినవారి నోట్లో అది ‘సీఎస్ 14 ఆఫ్ 1958’గా నానుతూనే ఉంది. ప్రాథమిక డిక్రీ 1963లో వచ్చింది. అయితే హైదర్‌నగర్ భూముల మీద ఆ డిక్రీ నీడ 2023లో సుప్రీంకోర్టు తీర్పు దాకా సాగింది. హఫీజ్‌పేట సర్వే నంబర్ల పంచాయతీ కూడా అందులోంచి పుట్టిందే. 2017లో మియాపూర్ భూముల రిజిస్ట్రేషన్ల వ్యవహారం రాష్ట్రాన్ని కుదిపినప్పుడు కూడా అడిగిన ప్రశ్న ఇదే: ఈ నేల పాత ఎస్టేటుదా, సర్కారుదా, కొన్నవాడిదా? 1954-55 ఖాస్రా పహాణీ అనే భూమి రికార్డులో ఒక గడిలో ఏం రాసి ఉందన్నదాని మీద వందల ఎకరాల భవిష్యత్తు ఆధారపడుతుంది. పాత ఎస్టేటు దాచిన అసలు సంపద ఇదే. గొయ్యి తవ్వకుండానే కనిపిస్తూ, చదవడం రాక దాగి ఉన్న సంపద.

ఈ పోలికను అంకెల్లో చూడవచ్చు. 2023 ఆగస్టులో నగరానికి ఇదే పడమటి వైపున్న కోకాపేటలో నియోపోలిస్ వేలంలో ఎకరం గరిష్ఠంగా 100.75 కోట్ల రూపాయలు పలికింది. ఎకరానికి 4,840 గజాలు, అంటే గజం 2 లక్షల పైచిలుకు. అంతకు రెండేళ్ల ముందు, 2021 ఏప్రిల్‌లో, జనగామ జిల్లా పెంబర్తిలో ఒక భూమిని వెంచర్ కోసం చదును చేస్తుంటే రాగి పాత్ర బయటపడింది. అందులో సుమారు 190 గ్రాముల బంగారు, 1.7 కిలోల వెండి నగలు ఉన్నాయి. చరిత్ర విలువ పక్కనబెట్టి, ఆనాటి లోహపు ధర కడితే ఉజ్జాయింపుగా 10 లక్షల రూపాయలు. కోకాపేటలో అది అయిదు గజాల నేల. కోట్ల కళ్లను కట్టిపడేసిన నిజమైన లంకెబిందె, అది దొరికిన నేలలాంటి ఇంకో నేల ముందు ఒక మంచం పట్టేంత చోటుకు సమానం.

నిజాం సంపద: కథలో, లెక్కలో

హైదరాబాదు నిధి కథలన్నీ చివరికి ఒకే గుమ్మం దగ్గరికి చేరతాయి. అది కింగ్ కోఠీ. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్‌ను 1937లో టైమ్ పత్రిక ప్రపంచంలోకెల్లా ధనవంతుడిగా ముఖచిత్రం మీద వేసింది. ఆయన తోటలో బంగారు కడ్డీలు నింపిన లారీలు ఇరుసుల దాకా నేలలో కూరుకుపోయి ఉండేవని, పెట్టెల్లోని నోట్ల కట్టలను ఎలుకలు కొరికేవని కథలు. 184.75 క్యారెట్ల జాకబ్ వజ్రాన్ని తండ్రి మహబూబ్ అలీ ఖాన్ చెప్పు ముక్కులోంచి తీసి, కాగితాలు ఎగరకుండా బరువుగా వాడుకున్నారన్నది అన్నిటికన్నా పేరుపడ్డ కథ. 1967 ఫిబ్రవరిలో ఆయన చనిపోయాక, వారసుడిగా నిలిచిన మనుమడు ముకర్రం జా చాలాకాలం ఆస్ట్రేలియాలో, తర్వాత తుర్కియేలో గడిపి 2023 జనవరిలో ఇస్తాంబుల్‌లో కన్నుమూశారు. ఇల్లు ఇక్కడ, వారసుడు అక్కడ. నిధి కథకు ఇంతకన్నా సారవంతమైన నేల దొరకదు.

లెక్క వైపు తిరిగితే అదే సంపద అంచెలంచెలుగా కనిపిస్తుంది. నగలను ఉస్మాన్ అలీ ఖాన్ నేలమాళిగలో వదిలిపెట్టలేదు. 1951, 1952ల్లో వాటికోసం ట్రస్టులు ఏర్పాటు చేశారు. దీర్ఘమైన బేరసారాలూ వ్యాజ్యాల తర్వాత 1995లో భారత ప్రభుత్వం 173 నగలను 218 కోట్ల రూపాయలకు కొన్నది. జాకబ్ వజ్రం అందులో ఒకటి. ఇవి రిజర్వు బ్యాంకు భద్రతలో ఉన్నాయి. సాలార్‌జంగ్ మ్యూజియంలో ప్రదర్శించినప్పుడు జనం వరస కట్టి చూశారు. 1965 యుద్ధ సమయంలో నిజాం దేశానికి 5,000 కిలోల బంగారం దానమిచ్చారన్న మాట నేటికీ తిరుగుతూనే ఉంది. సమాచార హక్కు కింద వచ్చిన జవాబు ప్రకారం ఆయన జాతీయ రక్షణ బంగారు పథకంలో 425 కిలోలు పెట్టుబడిగా పెట్టారు, దానికి 6.5 శాతం వడ్డీ ఉంది. కథ అంకెను దాదాపు పన్నెండింతలు చేసింది, బాండును దానంగా మార్చింది. కథలో వడ్డీ ఉండదు, రసీదు ఉండదు. లెక్కకు ఆ రెండూ కావాలి.

లండన్ ఖాతా వృత్తాంతం ఇంకా విడమరిచి చెబుతుంది. 1948 సెప్టెంబరులో, రాజ్యం లొంగిపోయిన రోజుల్లో, 10,07,940 పౌండ్ల 9 షిల్లింగులు నిజాం ప్రభుత్వ ఖాతా నుంచి లండన్‌లోని పాకిస్తాన్ హైకమిషనర్ పేరిట వెస్ట్‌మినిస్టర్ బ్యాంకుకు మారాయి. తన అనుమతి లేదని నిజాం కొద్ది రోజుల్లోనే అభ్యంతరం చెప్పారు. బ్యాంకు ఎవరికీ ఇవ్వకుండా ఆ సొమ్మును బిగించింది. 1957లో హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా వెళ్లినా పాకిస్తాన్ సార్వభౌమ రక్షణ అడ్డుపడింది. 2019 అక్టోబరు 2న లండన్ హైకోర్టు భారతదేశానికీ నిజాం వారసులకూ అనుకూలంగా తీర్పిచ్చేసరికి ఆ మొత్తం సుమారు 3.5 కోట్ల పౌండ్లకు పెరిగింది. ఇందులో గుప్తనిధి కథ లక్షణాలన్నీ ఉన్నాయి: రాజ్యం కూలుతున్న వేళ, రహస్యపు తరలింపు, మూతపడ్డ గది, 71 ఏళ్ల నిరీక్షణ, కాపలా పాములా కూర్చున్న ఒక న్యాయసూత్రం. లేనిది ఒక్క అజ్ఞాతమే. పౌండ్లు ఎన్ని, ఏ బ్యాంకులో ఉన్నాయన్నది మొదటి రోజు నుంచీ తెలుసు. ఎవరివన్నది మాత్రమే తెలియదు. ఆ ఒక్క చిక్కే చాలు, సొమ్ము నిధి అయిపోవడానికి.

దీనికి ఎదురుగా సాలార్‌జంగ్ ఇంటిని పెట్టి చూడాలి. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ 1949లో సంతానం లేకుండా చనిపోయారు. సంపదలోనూ, సేకరణ పిచ్చిలోనూ, వారసుడు లేని వెలితిలోనూ నిధి కథకు కావలసిన దినుసులన్నీ అక్కడ ఉన్నాయి. జరిగింది మరొకటి. వస్తువులకు పట్టిక వేశారు, 1951 డిసెంబరులో నెహ్రూ మ్యూజియాన్ని ప్రారంభించారు, 1961లో పార్లమెంటు చట్టం దాన్ని జాతీయ ప్రాముఖ్య సంస్థను చేసింది. దేవిడీ తలుపు వెనక ఏముందన్న ప్రశ్నకు టికెట్టు కొనుక్కుని చూసే జవాబు వచ్చింది. లెక్క తేలిన సంపదను ఎవరూ తవ్వక్కర్లేదు.

తవ్వి చూసిన చోట్లు

కథను నమ్మి ప్రభుత్వాలే గునపం పట్టిన సందర్భాలు కొన్ని ఉన్నాయి. 2012 చివర, 2013 మొదట్లో హైదరాబాదు నౌబత్ పహాడ్ దగ్గర, 1961లో శాంతా రామేశ్వరరావు స్థాపించిన విద్యారణ్య పాఠశాల ఆవరణలో నిజాం కాలపు నిధి ఉందన్న వాదన మీద రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వించింది. బంగారం దొరకలేదు. 2017 డిసెంబరులో కర్నూలు జిల్లా తుగ్గలి మండలం చెన్నంపల్లి కోటలో అధికారుల పర్యవేక్షణలో తవ్వకాలు మొదలయ్యాయి. ఎముకలు, ఇటుకలు బయటపడ్డాయి, నిధి మాత్రం కాదు. 2013 అక్టోబరులో ఉత్తరప్రదేశ్‌లోని దౌండియా ఖేడాలో, వెయ్యి టన్నుల బంగారం ఉందని ఒక సాధువుకు కల వచ్చిందన్న ప్రచారం మధ్య, భారత పురావస్తు శాఖ తవ్వి కుండపెంకులతో వెనుదిరిగింది. 1976లో, ఎమర్జెన్సీ రోజుల్లో, జైపూర్ రాజకుటుంబపు జయగఢ్ కోటను కేంద్రం నెలల తరబడి సోదా చేసింది. నిధి దొరకలేదనే చెప్పింది.

ఈ నాలుగింటినీ పక్కపక్కన పెడితే ఒక పోలిక కనిపిస్తుంది. దౌండియా ఖేడా యజమాని రావు రాంబక్ష్ సింగ్‌ను 1857 తిరుగుబాటు తర్వాత ఉరితీశారు. జయగఢ్‌ను సోదా చేసిననాటికి రాజభరణాలు రద్దయి అయిదేళ్లయింది, ఆ కుటుంబానికీ కేంద్రానికీ పొసగడం లేదు. చెన్నంపల్లి ఏలికలు లేని కోట. నౌబత్ పహాడ్ కథలోని నిజాం రాజ్యం 1948లోనే ముగిసింది. పాత యజమాని నుంచి కొత్త హక్కుదారుకు దారి తెగిపోవడం లేదా వివాదంలో పడటం వీటన్నిటికీ ఉమ్మడి లక్షణం. బంగారం ఉందన్న ఆధారం ఎక్కడా గట్టిగా లేదు. గొలుసు తెగిందన్న ఆధారం అన్నిచోట్లా ఉంది. లంకెబిందెల్లో తెగిన లంకె ఇదే.

అభ్యంతరాలు

ఈ వాదన మీద మొదటి అభ్యంతరం తిరువనంతపురం నుంచి వస్తుంది. 2011లో పద్మనాభస్వామి ఆలయపు నేలమాళిగలు తెరిచినప్పుడు ఊహకందని సంపద కనిపించింది కదా, కథలు నిజమే కదా అని అడగవచ్చు. ఆ గదులను ఎవరూ అంజనం వేసి కనిపెట్టలేదు. అవి ఆలయంలో అందరికీ తెలిసిన గదులే, సమర్పణల వివరాలు ఆలయపు తాళపత్ర దస్తావేజుల్లో ఉన్నాయి. అంతకన్నా ముఖ్యం, తలుపులు తెరిపించింది హక్కు దావా. 1991లో చివరి తిరువిదాంకూర్ పాలకుడు చనిపోయాక ఆలయం ఎవరి ఆధీనంలో ఉండాలన్న వివాదం కోర్టులకు ఎక్కింది. 2011 జనవరిలో కేరళ హైకోర్టు తీర్పు, ఆ తర్వాత సుప్రీంకోర్టు ఆదేశించిన పట్టిక, 2020 జులైలో రాజకుటుంబపు సేవా హక్కును నిలిపిన తుది తీర్పు. పట్టిక వేయమన్న ఉత్తర్వే ఇక్కడ తాళంచెవి. ఈ ఉదాహరణ వాదనను కూల్చకపోగా దానికి అన్నిటికన్నా బలమైన సాక్ష్యంగా నిలుస్తుంది.

రెండో అభ్యంతరం మరింత గట్టిది. 1948 నాటి భయంలో జాగీర్దారు కుటుంబాలు నగానట్రా దాచి ఉండవా? బ్యాంకులు లేని శతాబ్దాల్లో మామూలు రైతు కూడా కుండలో వేసి పాతిపెట్టేవాడు కదా? పెంబర్తి పాత్రే దానికి రుజువు. మన నేలలో పాతిన ధనం లేదని ఎవరూ అనలేరు. తేడా ఉన్నది పాతిపెట్టడంలో కాదు, మరిచిపోవడంలో. దాచినవాడు బతికుంటే తిరిగి తీసుకుంటాడు, చనిపోయేముందు కొడుక్కో భార్యకో చెబుతాడు. కుండ నేలలోనే ఉండిపోవాలంటే ఆ జ్ఞాపకం ఒక్కసారిగా తెగిపోవాలి. యుద్ధం, మహమ్మారి, 1908 నాటి మూసీ వరదలాంటి ఉపద్రవం రావాలి. అలా మిగిలిపోయేవి ఒక ఇంటి మిగుళ్లు, ఒక వ్యాపారి మూట. పెంబర్తిలో ఉన్నదీ అంతే. పెద్ద ఎస్టేటు సంపద తీరు వేరు. అది ఒక మనిషి గుండెలో దాగేది కాదు. దానికి ఖజాంచీ ఉంటాడు, మున్షీ ఉంటాడు, అప్పులవాళ్లు ఉంటారు, జనానాలో వాటాల కోసం లెక్కలు చూసే కళ్లు ఉంటాయి. సంపద పెద్దదయ్యేకొద్దీ సాక్షులు పెరుగుతారు, సాక్షులు పెరిగేకొద్దీ రహస్యం నిలవదు. కథ చెప్పేవాడు దీన్ని తిరగేస్తాడు: యజమాని ఎంత పెద్దవాడైతే నిధి అంత పెద్దదంటాడు.

ఇంగ్లండులోని సటన్ హూను కూడా ఎదురు ఉదాహరణగా చూపవచ్చు. 1939లో ఒక సొంత ఎస్టేటులోని మట్టిదిబ్బలను తవ్విస్తే ఓడతో సహా రాజసమాధి బయటపడింది. అక్కడ మార్గం చూపింది నేల మీద పొడుచుకు వచ్చిన దిబ్బలు, మట్టి రంగును పొరపొరగా చదవగల చేతులు. దొరికింది కూడా ఆ ఎస్టేటు కుటుంబం దాచుకున్నది కాదు, వెయ్యేళ్లకు పైబడిన మరో కాలానిది. తవ్వకం ముగిసీ ముగియకముందే విచారణ జరిగి, అది స్థల యజమానురాలిదని తేల్చింది, ఆమె దాన్ని బ్రిటిష్ మ్యూజియానికి ఇచ్చేశారు. మట్టిని చదివారు, హక్కు తేల్చారు. కథతో పని పడలేదు.

చివరి అభ్యంతరం సానుభూతితో కూడినది. జనం కథలను ఇంత కఠినంగా తూచాలా, అవి ఊరి ఊహాశక్తి కావా? కథ కథగా ఉన్నంతకాలం ఆ మాట నిజమే. గునపం అందుకున్నాక కాదు. తెలంగాణ, రాయలసీమ పల్లెల్లో పగిలిన నంది విగ్రహాలు, పెకలించిన శివలింగాలు, గుంతలు పడ్డ పాత కోటలు నిధి వేటగాళ్ల పనికి సాక్ష్యాలు. లంకెబిందెలు తీయిస్తామని పూజల పేరుతో డబ్బు గుంజే ముఠాల వార్తలు పత్రికలకు కొత్త కాదు. ఒక్క బిందె కోసం పగలగొట్టిన శాసనపు రాయిలో ఆ ఊరి చెరువు ఎవరు తవ్వించారో, మాన్యం ఎవరిదో రాసి ఉండవచ్చు. నిధి కోసం వెతికేవాడు చాలాసార్లు నిధినే పగలగొడతాడు. రెండో నష్టం ఇంకా లోతైనది. పాత ఎస్టేటు సంపద బంగారమేనని నమ్మిన ఊరు, అసలు సంపద అయిన నేల ఏ కాగితం మీద ఎవరి పేరిట మారిందో గమనించదు. చూపు గొయ్యి మీద ఉన్నంతసేపూ సంతకాలు నిరాటంకంగా సాగుతాయి.

ముగింపు

ఎస్టేటు నిధి గాథను మూఢనమ్మకమని కొట్టిపారేస్తే దానిలోని ప్రశ్నను కూడా పారేసినట్టవుతుంది. శిస్తుగా, నజరానాగా, వెట్టిగా పోగైన ధనం ఏమైందని ఊరు అడగడం తప్పు కాదు. దాని జవాబు తార్నాకలోని రాష్ట్ర అభిలేఖాగారపు ఫార్సీ, ఉర్దూ కాగితాల్లో, జాగీర్ల రద్దు నాటి పరిహారపు లెక్కల్లో, తహసీల్దారు కచేరీలోని పహాణీల్లో, ట్రస్టు దస్తావేజుల్లో, కోర్టు డిక్రీల్లో ముక్కలు ముక్కలుగా ఉంది. వాటిని తెలుగులోకి తెచ్చి, పట్టికలుగా ప్రచురించి, ఎవరైనా చదువుకోగలిగేలా చేస్తే పాత గడీల కింద బిందెల సంఖ్య దానంతటదే తగ్గుతుంది. సాలార్‌జంగ్ ఇంటి విషయంలో ఒక పట్టిక చేసిన పని అదే. మదీనాగూడలో ఇవాళ ఫ్లాటు కొనేవాడు లింకు డాక్యుమెంట్లు చూపించమని అడుగుతాడు, ముప్పై ఏళ్ల ఈసీ తీయిస్తాడు, ఆ నేల పాత ఎస్టేటుదో సర్ఫెఖాస్‌దో కాదు కదా అని వకీలును కనుక్కుంటాడు. అంజనం వేయించడు. లంకె అన్న పాతమాట బిందెల మెడ నుంచి దిగి లింకు డాక్యుమెంటుగా దస్తావేజు మీదికి వచ్చింది. నిధి మీద హక్కును మొట్టమొదట రాసిపెట్టిన చోటు కూడా ఆ దస్తావేజే.